ఆలాపన: రహమత్‌నగర్ పద్మ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించే రకం నేను. స్టూడియోల్లో ఇలాంటి కథలకు కొదవ లేదు. ఫలానా గదిలో ఎవరో కూనిరాగం తీస్తారని చెబితే, "శ్రుతిలో తీస్తుందా లేదా అడగండి" అనేదాన్ని. ఇప్పుడైనా నమ్మానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

ఏళ్ల తరబడి సినిమా పాటల్లో కోరస్ పాడాను. కోరస్‌వాళ్లకు పేర్లుండవు. అందరినీ కలిపి 'కోరస్' అని ఒక్క మాట వేసేస్తారు. ఒక్కసారైనా పాట కింద నా పేరు చూసుకోవాలని ఎంత ఆశగా ఉండేదో నాకే తెలుసు. ఆ ఆశ తీరకుండానే మెడలో గడ్డ వచ్చింది. థైరాయిడ్ ఆపరేషన్ తప్పదన్నారు.

థియేటర్‌లోకి తీసుకెళ్లేముందు నర్సు గాజులు తీయమంది. ఆకుపచ్చ మట్టిగాజులు. అంతకుముందెప్పుడో ఒకటి పగిలితే దాని బదులు ఎర్రది వేసుకున్నాను. మైకు ముందు గలగలమంటాయని గాజులు తీసి చేతిరుమాల్లో ముడేసుకోవడం మా కోరస్ ఆడవాళ్లకు అలవాటే. అలాగే ముడేసి దిండు కింద పెట్టాను. మెలకువ వచ్చాక చూస్తే లేవు. ఆయాను అడగబోయాను. నోరు కదిలింది, గొంతు రాలేదు. గాలి వచ్చింది, అంతే.

కొన్నాళ్లకు బొంగురుగా మాట వచ్చింది. పాట రాలేదు. ఇక రాకపోవచ్చని డాక్టరు చెప్పేశారు. టీవీలో పాటొస్తే కట్టేసేదాన్ని.

నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం సరళ ఫోన్ చేసింది. నాతోపాటు కోరస్ పాడేది.

"ఏమే, గొంతు పోయిందని మా దగ్గర ఏడ్చి, చాటుగా ఆలాపన పాడేసొచ్చావా? పేరు కూడా వేయించుకున్నావ్! పార్టీ ఎప్పుడే?"

ఏదో కొత్త సినిమా పాట. యూట్యూబ్‌లో దాని కింద వాద్యకారుల పేర్ల మధ్య ఉంది: "ఆలాపన: రహమత్‌నగర్ పద్మ". పద్మలు ఇద్దరున్నామని, పాడేవాళ్లను కుదిర్చే కోఆర్డినేటర్లు నన్ను మా పేట పేరు కలిపి అలాగే పిలుస్తారు. మరొకరు కావడానికి వీల్లేదు.

విన్నాను. నా గొంతే. పై షడ్జానికి వెళ్లేముందు నేను చప్పుడయ్యేలా ఊపిరి పీలుస్తాను. ఎంత మానుకుందామన్నా పోని అలవాటు. అదీ ఉంది. నిజం చెప్పాలంటే ముందు భయం వేయలేదు, ఒళ్లు మండింది. నాకు లేని నా గొంతుతో ఎవరో పాడుకుంటున్నారని కుళ్లు.

కంప్యూటర్‌తో ఎవరి గొంతైనా పుట్టిస్తున్నారు కదా, నాదీ దొంగిలించారనుకున్నాను. కడిగేద్దామని ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్‌లో ఆ పాట రికార్డు చేసిన స్టూడియోకి వెళ్లాను.

సౌండ్ ఇంజినీరు నరేశ్ నన్ను ఏళ్లుగా ఎరిగినవాడు. నా మాట వినగానే బిత్తరపోయాడు.

"అయ్యో, గొంతుకేమైంది మేడం? ఆ రోజు మంచిగ పాడిండ్రు గద!"

"ఏ రోజు?"

రికార్డింగ్ వివరాలు చూసి తేదీ చెప్పాడు. నా ఆపరేషన్ రోజు. పొద్దున, నేను మత్తులో ఉన్న వేళ. కంప్యూటర్‌తో నా గొంతు పుట్టించారా అని నిలదీశాను.

"కంప్యూటర్ గింప్యూటర్ ఏం లేదు మేడం, నేనే రికార్డ్ చేసిన. ఒక్క మాట మాట్లాడలే మీరు, సైగలే చేసిండ్రు. గొంతు కాపాడుకుంటున్నరేమో అనుకున్న. పాడినంక జర సేపు మైకు కాడనే నిలబడ్డరు. ఏడ్చినట్టుండె."

ఎవరు పిలిచారని అడిగితే, కోఆర్డినేటర్ పంపాడనుకున్నానన్నాడు. కోఆర్డినేటర్ ఏమో స్టూడియోవాళ్లే పిలిచారనుకున్నాడట.

నేను వెనక్కి తిరగబోతుంటే నరేశ్ సొరుగు లాగాడు.

"ఇగో, ఇవి మర్చిపోయిండ్రు. ఫోన్ చేస్తే ఎత్తలే మీరు."

నా చేతిరుమాలు. ముడి విప్పాను. ఆకుపచ్చ గాజులు. మధ్యలో ఎర్రది.

ఎవరు పాడారో, ఇవి అక్కడికి ఎలా చేరాయో నాకిప్పటికీ అంతుపట్టదు. సరళ ఏవేవో కారణాలు చెబుతుంది, నేను తలూపుతాను. గాజులు మళ్లీ వేసుకోలేదు. పాట మాత్రం రోజూ పెట్టుకుంటాను. పై షడ్జం ముందు ఆ ఊపిరి చప్పుడు వినగానే నేనూ ఊపిరి పీలుస్తాను. ఆ తర్వాత పాడేది మాత్రం ఆవిడే.