వాగు మీద లేని కల్వర్టుకు నా సంతకం

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ చదువులో నాకు మిగిలింది సంతకం ఒక్కటే. మా ఊళ్లో నా ఈడు ఆడవాళ్లంతా వేలిముద్ర వేస్తారు, నేను సంతకం చేస్తాను. ఆ గర్వం నాకుండేది. ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పను, కొంచెం దారికొచ్చింది.

పోయిన వానాకాలం మా ఇంట్లో ఒక పిల్ల కిరాయికి దిగింది. పాల్వంచ హాస్టల్లో నా మనవరాలితో కలిసి చదివిన పిల్లే, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. ఊళ్లకు మంజూరైన పనులు కాగితం మీదే ఎందుకు ఆగిపోతాయి, మధ్యలో ఎవరు తింటారు అన్నది ఆమె పరిశోధన. మా ఊరికీ రోడ్డుకూ మధ్య వాగుంది. దాని మీద కల్వర్టు కట్టేసినట్టు రికార్డులో ఉందట. వచ్చిన రోజే, ఆ లేని కల్వర్టు దగ్గర వాగు దాటుతూ ఒక చెప్పు పోగొట్టుకుంది.

"కల్వర్టు ఉంటే నా చెప్పు ఉండేది అమ్మమ్మా" అంది.

"చెప్పులు చేతిల పట్టుకొని దాటాలె. గంత చదువు చదివినవ్, గది తెల్వదా?" అన్నాను. మిగిలిన చెప్పు పారేయబోతే ఆపాను. కోసి తడికకు బందు వేస్తే ఇప్పటికీ గట్టిగా ఉంది.

కాగితాల కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. ఫైలు గోదావరి వరదలో తడిసిందన్నారట. ఆఫీసేమో మేడ మీద ఉంది. నాలుగోసారికి ఏవో జిరాక్సులు ఇచ్చారు. అంతకంటే పెద్ద చిక్కు మా ఊళ్లోనే ఎదురైంది. మాట్లాడిన ప్రతి మనిషీ 'నా ఇష్టంతోనే చెబుతున్నాను' అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. చెప్పేవాళ్ల మేలు కోసమే ఆ పద్ధతి. మావాళ్లేమో ఆ కాగితం చూడగానే లేచి పోయేవాళ్లు. "పెట్టీ పెట్టీ మునిగినం బిడ్డా, ఇగ పెట్టం" అని ఒకామె మొహం మీదే చెప్పింది. దసరా లోపల ఒక్క మనిషైనా రికార్డు తప్పని చెప్పకపోతే ఈ ఊరి సంగతి తన పరిశోధనలోంచి తీసేయాల్సిందేనని పిల్ల దిగులుపడేది. నన్నూ అడిగింది. నాకేం తెలియదన్నాను. నోరు తెరిస్తే పింఛను ఆపుతారేమోనని నా భయం.

చెడిపోయిన కాగితాలను ఆ పిల్ల ఉండ చుట్టి మూలకు విసిరేది. పొయ్యి రాజేయడానికి నేను ఏరుకునేదాన్ని. వెనక ఖాళీగా ఉన్నవి మాత్రం చదును చేసి దాచేదాన్ని. ఒక మధ్యాహ్నం అట్లా విప్పిన కాగితంలో నా సంతకం కనిపించింది. వంకరగా వచ్చిన జిరాక్సే అయినా, చివరి అక్షరానికి లాగిన పొడుగాటి తోక నాదే. పైన ఉన్నది కూడబలుక్కుని చదివాను. 'కల్వర్టు పని పూర్తయినది. గ్రామస్తులము చూసినాము.' నా సంతకం కింద పదకొండు వేలిముద్రలు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక మీటింగులో చాయ్, బిస్కెట్లు ఇచ్చి, హాజరు అని పుస్తకం ముందుకు జరిపారు. పై సగం మడిచి ఉంది. "ముందు నువ్వు పెట్టు పెద్దమ్మా, నీ ఎనుక వీళ్లు పెడ్తరు" అన్నాడు తెచ్చినాయన. ఏంది అని అడగలేదు. నేను ముందు పెట్టడమే గొప్పగా తోచింది.

కాగితం కొంగున ముడేసుకుని పత్తి చేనుకు పోయాను. మా పక్కింటి కోడలు కలుపు తీస్తోంది.

"ఆ పిల్లకు కల్వర్టు ముచ్చట ఎందుకు చెప్తలేరే?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "ఏమని చెప్పాలె పెద్దమ్మా? ముందు పెద్దమ్మ పెట్టింది, ఎనుక మేం పెట్టినం అని చెప్పాల్నా? ఆ పిల్ల నీ ఇంట్ల అన్నం తినబట్టె."

"భయపడుతున్నరనుకున్న."

"ఆనాడు ముద్రలేసినంక మా పిలగాడు పుస్తకం మడత ఇప్పి సదివిండు, గప్పుడే తెలిసింది. భయం లేదా అంటే ఉంది. కానీ నీ ఇజ్జత్ పోతదనే మేం మాట్లాడలే."

పక్క సాలులో ఉన్నామె నవ్వింది. "గింత సక్కటి సంతకానికి దిష్టి తగుల్తదని ఊకున్నం!"

నేను ఉప్పు చేబదులిచ్చినా గిన్నె అంచుకు సమంగా తలకొట్టి కొలిచి ఇచ్చే మనిషిని. వాళ్లను తిట్టని రోజు లేదు. అయినా ఇన్నాళ్లూ నన్ను కాచుకుంటూ వచ్చారు. వాళ్ల పక్కనే కూర్చుని సాలు చివరిదాకా కలుపు తీశాను.

ఇంటికొచ్చి కాగితం పిల్ల ముందు పెట్టాను. "ఇది నీకెప్పుడు దొరికింది?"

"నెలయింది అమ్మమ్మా."

"మరి దీని సంగతి నన్నడగవా?"

"మీరే చెప్తారనుకున్నా. చెప్పకపోతే ఈ ఊరు వదిలేద్దామనుకున్నా."

నాకు చేతనైంది తిట్టడమే, అదే చేశాను. "గిసొంటి కాగితం చెత్తల పారేస్తవా? నేను గాక ఇంకొకలు ఏరుకుంటే ఏమయ్యేది?"

ఆమె ఇష్టపత్రాన్ని ఈసారి నేనే చదివాను. మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. "స్వచ్ఛందంగా అంటే ఏంది?" అన్నాను. మీ అంతట మీరే అని చెప్పింది. "అదే రాస్తే అయిపోయె గదా" అంటే నవ్వి, మార్చి రాసింది. మనిషికో కాగితం దండగ అన్నాను. ఫోనులో వాళ్ల సారును అడిగితే అందరికీ ఒకటే చాలన్నాడు. పరిశోధనలో మా పేర్లు ఎక్కడా రావని కూడా రాయించాను.

పత్తి చేను గట్టున కూర్చుని దాన్ని రెండుసార్లు పైకి చదివి వినిపించాను. పదకొండు మందిలో ఏడుగురు ఉంటామన్నారు. మిగతావాళ్లను బలవంతపెట్టలేదు. పక్కింటి కోడలు అలవాటుగా కలం నా చేతికిచ్చింది.

"ముందు మీరు" అన్నాను.

కల్వర్టు ఇప్పటికీ లేదు. ఈ నెల పింఛను వచ్చింది, వచ్చే నెల సంగతి చూడాలి. ఆ పిల్ల పోయేనాడు చెప్పులు చేతపట్టుకునే వాగు దాటింది. తెలిసీ నెలరోజులు నా ఇంట్లో నోరు మూసుకుని ఉన్న ఆ పిల్లకూ, ఆ హాజరు పుస్తకంలో ఏముందో తెలిసిననాటి నుంచీ నోరు మూసుకునే ఉన్న మావాళ్లకూ నేను రుణపడ్డాను. ఇది తలకొట్టి కొలిచి తీర్చగలిగేది కాదు.

ఆ రోజు ఏడు వేలిముద్రలూ పడ్డాక కాగితం అడుగున చోటు పెద్దగా మిగల్లేదు. తోక లాగకుండానే సంతకం పెట్టాను.