సంతకాలు పెట్టిన గుమ్మాలు

స్కూలు వ్యాను నడిపే ఆయన్ని ఆ పేటలో అందరూ అరనిమిషం అనేవారు. ఏ గుమ్మం ముందైనా అరనిమిషమే ఆగేవాడు. ఆలోగా తయారవని పిల్లలు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో పరుగెత్తుకొచ్చి ఎక్కాల్సిందే. తొమ్మిదేళ్ళుగా అదే బడి, అదే బండి. కూతురిదీ ఆ బడే, రెండో తరగతి. సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చునేది. విన్న మాటల్ని విన్నట్టే పదేపదే అంటుంది కాబట్టి చిలక అని పిలిచేవాడు. హారన్ మోగితే పిల్ల చెవులు మూసుకుని కేకలు పెట్టేది. అల్లరనుకుని ఆ చేతుల మీద ఒక్కటి వేసేవాడు.

భార్య పోరగా పోరగా పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ రెండు పూటలు పిల్లతో కూర్చుని, బొమ్మలిచ్చి, ప్రశ్నలడిగి, చివరికి చెప్పింది. పాపకు ఆటిజం ఉంది, దాంతోపాటు ఏడీహెచ్‌డీ కూడా. మాటలు తిరిగి అనడం, శబ్దాలు తట్టుకోలేకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ఇవేవీ పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదు.

బయటికొచ్చి మెట్లయినా దిగకుండానే ఆయన భార్య మీద విరుచుకుపడ్డాడు. "నీకు ముందే తెలిసినట్టు తలాడిస్తావేంటి?"

"తెలుసు కాబట్టి. మూడేళ్ళ నుంచి చెప్తున్నాను. గోడకు చెప్పినా ఈపాటికి ఓ పెచ్చు రాలేది." ఆమె రెడీమేడ్ బట్టల కంపెనీలో చొక్కాలకు కాజాలు కుట్టేది.

మర్నాడు ఆయన అక్క ఫోను చేసింది. "మన వంశంలో ఇలాంటివి లేవురా. మీ ఆవిడ వైపు కనుక్కో."

"నాన్న ముప్పై ఏళ్ళు ఒకే మూల, ఒకే కంచంలో తిన్నాడు. కంచం మారిస్తే విసిరికొట్టేవాడు. మర్చిపోయావా?" అని ఫోను పెట్టేశాడు.

బడివాళ్ళు సాయం చేస్తారనుకుని డాక్టరమ్మ రాసిన కాగితం తానే తీసుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ చేతికిచ్చాడు. రెండు వారాల తర్వాత ఆవిడ పిలిపించి ఇంకో కాగితం చూపించింది. ఆ పాప వల్ల మా పిల్లల చదువు పాడవుతోంది, వేరే బడికి పంపండి అని రాసి, కింద పద్నాలుగు సంతకాలు. అందులో పదకొండు ఆయన బండి పిల్లల ఇళ్ళవే.

"డాక్టరు కాగితం సంగతి వీళ్ళకెలా తెలిసింది మేడం?"

"ఇలాంటివి దాగుతాయా చెప్పండి."

ఆవిడ నోటి నుంచే పాకిందని ఆయనకు అర్థమైంది. అయినా ఆ సాయంత్రం పిల్లలందర్నీ ఎప్పట్లాగే ఇళ్ళ దగ్గర దింపాడు.

తెల్లారి మొదటి గుమ్మం ముందు ఇంజను ఆపి కిందికి దిగాడు. "సంతకం ఎందుకు పెట్టావమ్మా?"

ఆ తల్లి చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉండిపోయింది. "అందరూ పెట్టారని పెట్టానన్నా. చదవలేదు."

రెండో ఇంటివాళ్ళు తలుపు సందులోంచి పిల్లాణ్ణి తోసి గడియ వేసుకున్నారు. మూడో ఇంటాయన మాత్రం ఎదురు తిరిగాడు. "మావాడి చదువు నాకు ముఖ్యం. తప్పా?"

"మీవాడు రెండేళ్ళు రోజూ నా బండిలో వాంతి చేసుకున్నాడు. కడిగింది నేను. నేనెప్పుడైనా కాగితం రాశానా? సంతకం ఎందుకు పెట్టావు?" వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

నాలుగో గుమ్మానికి వెళ్తుంటే వెనక సీట్లోంచి మొదలైంది. "సంతకం ఎందుకు పెట్టావు? సంతకం ఎందుకు పెట్టావు?" అదే గొంతు, అదే కరుకు. పిల్లలెవరూ నవ్వలేదు. మూడో ఇంటి పిల్లాడు సంచీలో మొహం దాచుకున్నాడు. ఆయన ఇంకెవర్నీ అడగలేదు.

సాయంత్రం విషయం విని భార్య మండిపడింది. "దాని ముందే అడిగారా? మీ కోపం చల్లారింది, బాగుంది. వారం రోజులు ఆ మాట అంటూనే ఉంటుంది. వినేది ఎవరు? నేను."

ఆయనకు చల్లారిందీ లేదు. మర్నాడు హెడ్మిస్ట్రెస్, ఆ తల్లిదండ్రులకు క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఉంటుందనీ, పాపకు మాత్రం ఈ ఏడాదే ఆఖరనీ చెప్పింది.

"పిల్లల్ని ఇవాళ్టికి దింపేసి తాళాలు ఇచ్చేస్తాను. రేపటి నుంచి మీరు చూసుకోండి" అన్నాడు.

ఇప్పుడాయన ఒక ఫ్యాక్టరీ సిబ్బంది బస్సు నడుపుతున్నాడు. పిల్లను రెండు బస్సులు మారి వెళ్ళే చిన్న బడిలో చేర్చారు. చేర్చుకున్న టీచరు వయసులో చిన్నదే. "ఇలాంటి పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదండీ. నేర్చుకుంటాను. పాపకు ఏమంటే ఇష్టమో చెప్పండి" అంది.

బండిలో ఎవరికి కిటికీ కావాలో, ఎవరికి ఎవరితో పడదో, ఎవరు డబ్బాలో అన్నం వదిలేస్తారో ఆయనకు కంఠతా వచ్చు. సొంత కూతురికి ఏమంటే ఇష్టమో ఒక్కటీ తట్టలేదు. భార్య వైపు చూశాడు. ఆమెకు అన్నీ తెలుసు. చెప్పలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"నాకు తెలీదండీ" అన్నాడు చివరికి. తన మీద తనకే ఒళ్ళు మండింది. "కనుక్కుని రేపు చెప్తాను."