నడిమి గాడి

ఆ రోజుల్లో అబిడ్స్‌లో చదువు రాకుండా బతకడం పెద్ద కష్టమేమీ కాదు. రాదన్న సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా బతకడమే కష్టం. ఆ పనిలో నేను మూడేళ్లు నెగ్గుకొచ్చాను. రికార్డుల దుకాణంలో పాటలు వేసి వినిపించడానికి మనిషి కావాలంటే వెళ్లాను. యజమానిని అందరూ సేటు అనేవారు. "చదువొస్తదా?" అని అడిగాడు. "ఔ" అన్నాను. (అబద్ధం ఎంత పొట్టిదైతే అంత గట్టిగా నిలబడుతుంది.) అట్టల మీది బొమ్మలు, రికార్డు నడుమ అంటించిన లేబుల్ రంగు, అంచున పడ్డ గీత, ఇవే నా అక్షరాలు. ప్లేయరుకు వేగం మార్చే మీట ఉండేది, దానికి మూడు గాడులు. పెద్ద రికార్డుకు మొదటి గాడి, చిన్నదానికి నడిమి గాడి, పాతకాలపు లక్క రికార్డుకు చివరి గాడి. వాటి పక్కన అంకెలు చెక్కి ఉండేవి గానీ నా కంటికి అవి చీమల బారు.

మా నాంపల్లి గల్లీలో నలుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని సొంతంగా కట్టిన పాటలు పాడేవారు. గల్లీవాళ్లు "గిటార్ పార్టీ" అని వెక్కిరించేవారు. నేను మాత్రం వాళ్లు కాలేజీలో పాడినా, నుమాయిష్ మైదానంలో పాడినా ముందు వరసలో ఉండేదాన్ని. కదిలిపోతున్న పాసింజరు వెనక ప్లాట్‌ఫారం మీద పరిగెత్తేవాడి పాట ఒకటి ఉండేది. పాడేసరికి వాళ్లకు ఆయాసం వచ్చేది, వినేసరికి నాకు వచ్చేది. ముందు నిలబడి పాడేవాడిది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. భుజాల దాకా జుట్టు ఉండేది కాబట్టి నాకు వాడు జుట్టు తమ్ముడు. ఒకరోజు దుకాణానికి వచ్చి, "కొత్త పాటండి, చదివి చెప్పండక్కా" అని మడత కాగితం చేతిలో పెట్టాడు. నేను పైనుంచి కిందికి శ్రద్ధగా కళ్లు తిప్పి, "మస్తు రాసినవ్ తమ్మీ, కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అన్నాను. వాడు కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అలాంటివాళ్లను బొంబాయిలో ఒక పెద్ద కంపెనీ పిలిపించి రికార్డు చేసింది. చిన్న రికార్డు, నాలుగు పాటలు. అది దుకాణానికి వచ్చిన శనివారం సాయంత్రం నలుగురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. సేటు తేల్చి చెప్పాడు: "బయట లౌడ్‌స్పీకర్ల వేద్దాం. జనం నిలబడి విన్నరా, అద్దాల ముందర పెడ్త. నిలబడకపోతే డబ్బకు డబ్బ వాపస్." చిన్న రికార్డు కదా, మీటను నడిమి గాడిలో పెట్టి ముల్లు దించాను.

రైలు పాటే. రైలు మాత్రం ఎలుకలతో నిండిపోయింది! నలుగురు మగపిల్లలు నాలుగు చిట్టెలుకల్లా కీచుకీచుమంటూ పరిగెడుతున్నారు. రోడ్డు మీద నవ్వులు మొదలయ్యాయి. "ఏందిరా భై, ఎలుకల పెండ్లా?" అని ఎవడో అరిచాడు. జుట్టు తమ్ముడి ముఖం పాలిపోయింది. నాకు వాడి మీద జాలి కన్నా బొంబాయి మీద కోపం ముందొచ్చింది. "గంత పెద్ద కంపెనీ! మా పోరగాండ్ల గొంతులు పిసికి పంపిండ్రు!" అని చేతులు తిప్పుతూ తిట్టాను. సేటు ముల్లు ఎత్తి, రికార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "గంపెడు మాటలు గిప్పుడెందుకు? గా లేబుల్ మీద ఏం రాసిన్రో గట్టిగ చదువు."

లేబుల్ మీద ఒకే అంకె పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తోంది. అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను. రేపటి నుంచి ఈ దుకాణం లేదు, పాటలు లేవు, ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి. "చూపు జర సరిగ్గ ఆనుతలేదు..." అన్నాను. "మూడేండ్ల సంది ఆనిన చూపుకు గిప్పుడేమొచ్చె?" అన్నాడు సేటు.

అంతలో జుట్టు తమ్ముడు ముందుకొచ్చాడు. "అక్కది తప్పు కాదండి. నడిమి గాడిలో పెట్టమని నేనే పొరపాటున చెప్పాను. సైజు చిన్నదే గానీ ఇది పెద్ద రికార్డు వేగంతో తిరగాలండి. పక్కకు రెండేసి పాటలు పట్టించడానికి అలా చేశారు." అంటూనే నా చేతిలోని రికార్డును తీసుకుని (తలకిందులుగా పట్టుకున్నానట) ప్లేయరు మీద పెట్టి, మీటను మొదటి గాడిలోకి జరిపాడు.

ఇప్పుడు గొంతులు వాళ్లవే. నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. వెనక పది వయొలిన్లు. కానీ బండి కదలదే! ప్లాట్‌ఫారం మీద పరిగెత్తాల్సినవాడు పెళ్లిచూపులకు వచ్చినట్టు నడుస్తున్నాడు. బయట నవ్వినవాళ్లు నవ్వు ఆపి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "సాఫ్‌గ ఉంది" అన్నాడు సేటు, అనుమానంగా. జుట్టు తమ్ముడు నావైపు తిరిగాడు. "మీరు చెప్పండక్కా."

అప్పుడే నా ఉద్యోగం నిలబెట్టినవాడు. బాగుందనేస్తే సరిపోయేది. నోరు తెరిస్తే నిజం వచ్చింది. "గొంతులు మీవే తమ్మీ. కని నాంపల్లి రైలును పల్లకి చేసిండ్రు. ఇందాక నేను తప్పు పెట్టినప్పుడు గొంతులు ఎలుకలవే గాని, ఉరుకుడు మీదే." డ్రమ్ములవాడు, "ఈమెనెవరు అడిగిన్రు?" అని బయటికి వెళ్లిపోయాడు. జుట్టు తమ్ముడు తల వంచుకుని, "మెల్లగా వాయిస్తేనే అమ్ముడుపోతుందన్నారండి, మేమూ సరేనన్నాం" అన్నాడు.

డబ్బా బొంబాయికి తిరిగి వెళ్లింది. వెళ్లేముందు అందులోంచి ఒక రికార్డును జుట్టు తమ్ముడు నాకు తెచ్చిచ్చాడు. "నాకు చదువు రాదని నీకెట్ల తెల్సె?" అని గుసగుసగా అడిగాను. "ఆ రోజు జేబులోంచి తప్పు కాగితం తీసిచ్చానండి. మీకు కన్నీళ్లు తెప్పించింది పాట కాదక్కా, ధోబీకి వేసిన బట్టల చీటీ." ఇద్దరం నవ్వాం. వాడి నవ్వు ముందు ఆగింది.

చదువు నాకు అరవై దాటాక, మనవరాలి పలక మీద అబ్బింది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన వారంలోనే పెట్టె అడుగు నుంచి ఆ రికార్డు, అటక మీంచి పాత ప్లేయరు తీశాను. వేలు పెట్టి లేబుల్ అంతా చదివాను. నలుగురి పేర్లు, పాట పేరు, చివర పక్కపక్కన రెండు మూళ్లు. ముప్పై మూడు. "నానమ్మా, మీట మొదటి గాడిలో పెట్టాలి" అంది మనవరాలు. "ఔ బిడ్డా, చదివిన" అన్నాను. చదివి, మీటను నడిమి గాడిలోకే జరిపాను. ఎలుకలు నాలుగూ కీచుమంటూ రైలు వెనక పరిగెత్తాయి. నాకూ ఆయాసం వచ్చింది.