రెండు ఆషాఢాల బ్యాండు

నా ఉద్యోగం ఆషాఢమాసం పెట్టిన భిక్ష. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పెళ్ళిళ్ళు లేవు, పేరంటాలు లేవు అని అందరూ ఆ నెలని తిట్టుకుంటారు. నేను మాత్రం ఏటా అది రాగానే మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను. గన్నవరం నుంచీ కూచిపూడి నుంచీ కొత్తగా బడి బ్యాండు నెత్తిన పడ్డ డ్రిల్లు టీచర్లు సలహాకి నా దగ్గరికి వస్తుండేవారు. "మేడమ్, మీరెక్కడ ట్రైనింగ్ అయ్యారండీ?" అని అడిగేవారు. పెళ్ళి బ్యాండులో అంటే, మేడమ్ భలే జోకులేస్తారని నవ్వి ఊరుకునేవారు.

ఇది తొంభైల నడుమ సంగతి. బెజవాడ వన్‌టౌన్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని, అదీ టెంపరరీ. కాలేజీలో మాకు కబడ్డీ, ఖోఖో, లెజీమ్ నేర్పారు. ఎండలో నిలబెట్టి ఎడమ, కుడి అనడం నేర్పారు. సంగీతం మాటకొస్తే అప్పటిదాకా నేను ఊదిన వాయిద్యం ఈల ఒక్కటే. మా బడి బ్యాండుని ఒక రిటైరైన పెద్దాయన చూసేవారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన మానేశాక డ్రమ్ములన్నీ స్టోరు గదిలో ఎలుకల పాలయ్యాయి. జూన్‌లో బడి తెరవగానే కరస్పాండెంటు గారు నాకు కబురు పెట్టారు.

"ఏమ్మా, డ్రిల్లు చేయించేదానివి, బ్యాండు చేయించలేవా? పంద్రాగస్టు పరేడ్‌లో మన పిల్లల బ్యాండు నడిచిందా, నీ పోస్టు పర్మనెంటు. లేదంటే మాత్రం ఏమీ అనుకోకు, బ్యాండు వచ్చినవాళ్ళనే వేసుకుంటాం."

నాన్న పోయాక మా ఇల్లు నా జీతం మీదే నడిచేది. అమ్మ బీపీ మాత్రలు దానిలోంచే, అద్దె దానిలోంచే. "దానికేం భాగ్యమండీ, చేయిస్తాను" అనేశాను. నా నోరెప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది. గది బయటికి వచ్చాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలియలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తప్పించుకుందామన్నా, ఆ మద్దెల ఓడో గట్టిదో చెప్పేపాటి తెలివైనా నాకు లేదు!

మా ఇంటికి రెండు సందుల అవతల ఒక పెళ్ళి బ్యాండు ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఏం లేదు, వీధిలోకి ఒక గది, గోడకి జరీ పట్టీల ఎర్ర కోట్లు, వెనకాల ఇల్లు. దాని మాస్టారు ముస్లిం పెద్దాయన, క్లారినెట్టు వాయించేవారు. మీసానికి నల్లరంగు, వేళ్ళకి ఉంగరాలు. "కృష్ణా జిల్లాలో నా క్లారినెట్టు లేకుండా జరిగింది పెళ్ళి కాదు, రిజిస్ట్రేషన్" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ గదిలో మక్కా పటం పక్కనే పంచాంగం వేలాడుతుండేది. ముహూర్తాలు చూసుకోకపోతే బ్యాండువాడికి పొయ్యి వెలగదు మరి. ఆ ఏడాది ఖర్మ కొద్దీ అధికాషాఢం వచ్చింది. ఒకటి కాదు, వరసగా రెండు ఆషాఢాలు. బ్యాండువాళ్ళందరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు.

నేను వెళ్ళి సంగతి చెబితే ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఆడపిల్లలకా? బ్యాండా?"

"ఏమండీ, ఆడపిల్లలకి చేతుల్లేవా?" అన్నాను.

"చేతులున్నాయమ్మా. ఇది పాతికేళ్ళ సాధన. నెలన్నరలో వస్తుందా?"

ఇంతలో లోపల్నుంచి ఆయన భార్య, మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తీసుకెళ్ళు బేటీ, నీకు పుణ్యముంటుంది. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఉప్పు చాల్లేదు, కారం చాల్లేదని నా ప్రాణం తోడేస్తున్నాడు" అంది. మాస్టారు కోటు వైపు చూశారు, పంచాంగం వైపు చూశారు, ఇక తప్పదన్నట్టు నిట్టూర్చారు. నా చదువు అలా మొదలైంది.

ముందు నాకు నేర్పారు. మొదట్లో డ్రమ్ము ముట్టుకోనివ్వలేదు, చెక్కపీట మీద కొట్టమన్నారు. "రోట్లో దంచుతున్నావా? మణికట్టు వదులమ్మా, మణికట్టు!" అని అరిచేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "నెమ్మదిగా చెబితే అర్థం కాదా ఏంటండీ?" అనేదాన్ని. మా అరుపులకి పెద్దమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చి ఇద్దరి మధ్యా పెట్టేది. సాయంత్రాలు ఆయనే బడికి వచ్చి పిల్లలకి చూపించేవారు. ఫ్లూట్లు పట్టినవాళ్ళ పెదాలు సరిచేసేవారు, సైడ్ డ్రమ్ములవాళ్ళ పుల్లలు సరిచేసేవారు. పెద్ద డ్రమ్ముకి ఎవరా అని చూస్తుంటే, హాస్టల్లో ఉండే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ముందుకొచ్చింది. సముద్రం పక్క చేపలవాళ్ళ పిల్ల. ఇంటికెళ్తే నాన్నతో కలిసి వల లాగేదట. మాట తక్కువ. ఆ పిల్ల కొట్టిన మొదటి దెబ్బకి స్టోరు గది కిటికీ రెక్క ఊడి కింద పడింది. మాస్టారు మీసం దువ్వుకుని, "శభాష్, ఇది డ్రమ్మంటే" అన్నారు.

పెళ్ళి బ్యాండుకి ఒక పద్ధతుంది. మాస్టరు ముందున్న దారికి వీపు పెట్టి, తన మనుషుల ముఖాలు చూస్తూ వెనక్కి నడుస్తాడు. కనుబొమ్మ ఎగరేస్తే పెంచాలి, గడ్డం దించితే తగ్గించాలి, తల ఊపితే పాట మార్చాలి. వాయించేవాడి చూపు మాస్టరు ముఖం మీదనుంచి కదలకూడదు. నాకూ అదే నేర్పారు. బడి గ్రౌండులో వెనక్కి నడుస్తూ నేను రెండుసార్లు పూలకుండీల్లో కూలబడ్డాను. పిల్లలు మాత్రం బంగారం! నా ముఖం మీద ఈగ వాలినా వాళ్ళకి తెలిసేది. పాట పలికింది, అడుగు కలిసింది. ఒకరోజు మా హెచ్చెమ్ గారు వరండాలోంచి చూసి, "బాగానే ఉంది గానీ టీచరు గారూ, మీ పిల్లలు నడిచొస్తుంటే నాకు అక్షింతలు వెయ్యాలనిపిస్తోందండీ" అన్నారు. పెళ్ళి ఊపు కాస్త మిగిలిపోయింది నిజమే. అయినా నాకు ఉద్యోగం చేతికి వచ్చేసినంత ధీమా కలిగింది.

పంద్రాగస్టు ఇంకో వారం ఉందనగా పరేడ్ గ్రౌండులో రిహార్సల్. నేను అలవాటుగా పిల్లల ముందుకి వెళ్ళి, వాళ్ళవైపు తిరిగి నిలబడ్డాను. పరేడ్ చూసుకునే ఆఫీసరు గారు వచ్చి మర్యాదగానే చెప్పారు. "మేడమ్, టీచర్లు లోపలికి రాకూడదండీ. ముందు ఒక స్టూడెంటు కర్ర పట్టుకుని నడవాలి. ఆ అమ్మాయి కూడా ముందుకే చూడాలి గానీ వెనక్కి కాదు."

నేను గ్రౌండు చుట్టూ కట్టిన తాడు ఇవతలికి వచ్చేశాను. ఒక పిల్ల చేతికి కర్ర ఇచ్చి ముందు నడిపించారు. దాని వీపు తప్ప చూడ్డానికి వెనకవాళ్ళకి ఇంకేం లేదు. పది అడుగులు పడ్డాయో లేదో, మొత్తం బ్యాండు మెడలు తిప్పి నాకోసం వెతకడం మొదలెట్టింది. ఫ్లూట్లు ఒకవైపు, డ్రమ్ములు ఒకవైపు. ఒక పిల్ల వెళ్ళి ఇంకోదాని మడమ తొక్కింది. మా వెనకున్న వేరే బడి మగపిల్లలు పగలబడి నవ్వారు. కరస్పాండెంటు గారు కుర్చీలోంచి లేచి కారెక్కి వెళ్ళిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది.

నేను నేరుగా మాస్టారింటికి వెళ్ళి భోరుమన్నాను. నా ఉద్యోగం పోయినట్టేనన్నాను. ఆయనకి ముందు కోపం వచ్చింది.

"ముఖం చూడకుండా బ్యాండేంటి? నా జన్మలో వినలేదు. పరేడోళ్ళకి బుద్ధి లేదు!"

"వాళ్ళకి బుద్ధి చెప్పేలోపల నా కొంప మునుగుతుందండీ. నాకు దారి చెప్పండి."

"నాకు తెలీదమ్మా," అన్నారు. ఆయన నోట ఆ మాట అదే మొదటిసారి వినడం. మీసం కూడా దువ్వుకోలేదు.

ఏడుపు మధ్యలో నాకు మా వన్‌టౌన్ సందులు గుర్తొచ్చాయి. "మాస్టారూ, ఊరేగింపు సందు మలుపు తిరిగేటప్పుడు మీరు ఇవతల, వెనకవాళ్ళు అవతల ఉంటారు కదా. అప్పుడు వాళ్ళు ఎవరి ముఖం చూస్తారండీ?"

ఆయన వేళ్ళతో చెక్కపీట మీద తాళం వేసి చూసుకున్నారు. "ఎవర్నీ చూడరు. పెద్ద డ్రమ్ము వింటారు," అని, ఒక్కసారిగా లేచి చెప్పులు వేసుకున్నారు. "పద, పిల్లల్ని సందుల్లోకి తీసుకురా."

మర్నాటినుంచి బడి గంటకి ముందే మా బ్యాండు వన్‌టౌన్ సందుల్లో పడింది. పెద్ద డ్రమ్ము పిల్లని అందరికంటే వెనక పెట్టారు. వంకర తిరిగిన సందులు ఏరి మరీ నడిపించారు. ఎవరికీ ఎవరూ కనపడరు, వెనకనుంచి ధన్ ధన్ మని వినపడుతుందంతే. నన్ను కిళ్ళీకొట్టు వెనకో, రిక్షా చాటునో దాక్కోమన్నారు. "నువ్వు కనబడితే చూస్తారు. నువ్వు లేవనుకోవాలి," అన్నారు. సందుల్లో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఆషాఢంలో ఊరేగింపేంటమ్మా, చోద్యం కాకపోతే! ఎవరిదే పెళ్ళి?" అని ఒక మామ్మగారు అరుగు దిగొచ్చింది. "మా టీచరు గారి ఉద్యోగానిదండీ!" అంది కర్ర పట్టుకున్న పిల్ల. ఈ కాస్త పిల్లలకి సంగతి ఎలా తెలిసిందో! నేను చెప్పలేదు. ఆ మాట విన్నాక నేను రిక్షా చాటునుంచి కాసేపు లేవలేకపోయాను.

పంద్రాగస్టు నాటికి శ్రావణం వచ్చేసింది. ఆ పొద్దున్నే మాస్టారు తన మనుషులతో చల్లపల్లి పెళ్ళికి బస్సెక్కేశారు. నెలల తరబడి ఖాళీగా ఉన్న కడుపులు, వెళ్ళక తప్పదు. నేను ఒక్కదాన్నే పరేడ్ గ్రౌండులో తాడు ఇవతల, జనంలో నిలబడ్డాను. దూరంగా కరస్పాండెంటు గారి తెల్ల చొక్కా కనబడుతోంది.

మా బ్యాండు బయల్దేరింది. బాగానే నడుస్తోంది. సరిగ్గా వేదిక దగ్గరికి వచ్చేసరికి మైకులో ఒకాయన మా బడి చరిత్ర ఎత్తుకున్నాడు. ఆ గోలకి ఫ్లూట్లు వణికాయి. మూడో వరసలో ఒక పిల్ల తల మెల్లిగా పక్కకి తిరిగింది. నాకు తెలుసు అది ఎవరికోసమో. దాని కళ్ళు జనంలో ఒక్కొక్క ముఖమే దాటుకుంటూ వస్తున్నాయి. నా ఎముకలన్నీ చెయ్యెత్తు, కనుబొమ్మ ఎగరెయ్యి, నేనున్నానని చెప్పు అంటున్నాయి.

నేను కింద కూర్చుండిపోయాను. బురదలో, ఇస్త్రీ చీరతో, జనం కాళ్ళ మధ్యలో. "ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని ఎవరో సోడా ఇవ్వబోయారు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని వింటున్నాను. మైకు, జనం, మైకు. ఆ గోల కిందనుంచి చేపలవాళ్ళ పిల్ల దెబ్బ వినబడింది. ఇంకాస్త గట్టిగా కొట్టింది. ఫ్లూట్లు సర్దుకున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆ చప్పుడు నా ముందునుంచి వెళ్ళింది, వేదిక దాటింది, చప్పట్లు పడ్డాయి. నా బ్యాండు నడవడం నేను చూడనే లేదు.

కరస్పాండెంటు గారు బురద చీర వైపు విచిత్రంగా చూసి, "రేపు ఆఫీసుకి రామ్మా, ఆర్డరు తీసుకుందువు గాని," అన్నారు. ఆ ఆర్డరు మీద నేను రిటైరయ్యేదాకా బతికాను. అమ్మని చివరిదాకా చూసుకున్నాను. నా చేతికింద ఎన్ని బ్యాండులు నడిచాయో లెక్క పెట్టుకోలేదు.

చల్లపల్లి నుంచి మాస్టారు వచ్చారని తెలిసి పరుగెత్తాను. వాయించి వాయించి పెదాలు వాచిపోయి ఉన్నాయి. అంతా చెప్పాను. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దని వెనక్కి జరిగారు.

"నిన్ను చూడకుండా నడిచారుగా. అయితే ఇంక నీకు నాతో పని లేదమ్మా. రేపట్నించి రానక్కర్లేదు."

నవ్వుతూనే అన్నారు, ఆయన మెచ్చుకోవడమే అది. నాకు తెలుసు. అయినా, పరేడ్‌లో బురదలో కూర్చున్నప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"అదేం మాటండీ మాస్టారూ! నాన్న ఎలాగూ లేడు. మీరు కూడా రావద్దంటే నేనెవరింటికి వెళ్ళనండీ?"

మాస్టారు వాచిన పెదాలు బిగబట్టుకుని గోడవైపు తిరిగారు. వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది.

"ఆయన మాటలకేం గానీ బేటీ, రా, చేతులు కడుక్కో. కూరలో ఉప్పు చాలిందో లేదో నువ్వు చెబుదువు గాని."