తాబేలు గుడ్లూ, అమ్మను కరిచిన కుక్కా

సాయంత్రం నడకకు బీచ్ రోడ్డు మీదికి వెళ్ళినప్పుడు, నిప్పుల మీద కాలే మొక్కజొన్న పొత్తుల వాసనకూ ఉప్పుగాలికీ అడుగున ఒక్కోసారి ఇంకో వాసన తగులుతుంది. ఒడ్డున ఎక్కడో చచ్చిన తాబేలు కొట్టుకొచ్చిందన్నమాట. పక్కవాళ్ళు ముక్కు మూసుకుని తప్పుకుంటారు. నేను మాత్రం మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోతాను.

డెబ్బైల చివర్లో నాన్నకు ఓడరేవులో ఉద్యోగం దొరికి మేం కోనసీమ నుంచి విశాఖపట్నం వచ్చాం. జాలరిపేటను ఆనుకుని, సరుగుడు తోపు వెనక మా పెంకుటిల్లు. పొద్దున్న లేవగానే ఇసుక మీద ఎండబోసిన నెత్తళ్ళ చేపల ఘాటు, మధ్యాహ్నం వేడిగాలికి తోపంతా ఈల వేసినట్టు వినిపించే హోరు, ఎండలు ముదిరేసరికి గంపల్లో వచ్చే జీడిమామిడి పళ్ళ మత్తు వాసన, ఆ రసం గౌనుకంటితే ఎంత ఉతికినా పోని మరక, దానికి అమ్మ చేతి దెబ్బలు, ఇవన్నీ ఇష్టంగానే గుర్తున్నాయి. భయాలూ అన్నే ఉండేవి. ఓడ కూత వేస్తే భయం, చీకటి పడ్డాక అలల చప్పుడంటే భయం, అన్నిటికన్నా తోపులో గుంపుగా తిరిగే కుక్కలంటే ప్రాణం పోయేంత భయం. మా వెనక వీధిలో తాపీమేస్త్రి ఒకాయన కుక్క కరిచే పోయాడు. ఆఖరి రోజుల్లో మంచినీళ్ళ గ్లాసు చూపిస్తే కేకలు పెట్టేవాడని పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే విన్నాను.

మాకు రోజూ చేపలు తెచ్చే పోలమ్మ, మాఘమాసంలో ఒకనాడు తెల్లవారుతుండగా గంప లేకుండా వచ్చి అమ్మను ఒడ్డుకు రమ్మంది. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. పెద్ద తాబేలొకటి గుడ్లు పెట్టేసి, వెనక కాళ్ళతో గొయ్యి పూడ్చి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దాని మీద ఇసుకను దిమ్మిసతో కొట్టినట్టు అదుముతోంది. కళ్ళ నుంచి చిక్కటి నీళ్ళు కారుతున్నాయి. పోలమ్మ దాని మీద పసుపునీళ్ళు చల్లి దండం పెట్టుకుంది. సముద్రమంటే గిట్టని అమ్మ, అది అలల్లోకి దిగి కనబడకుండా పోయేదాకా కదల్లేదు. తర్వాత, ఈ గుడ్లకు కాపలా ఎవరని అడిగింది. ఎవరూ లేరంది పోలమ్మ. కుక్కలు తవ్వగా మిగిలినవి మనుషులు ఎత్తుకుపోతున్నారనీ, తన చిన్నతనంలో వచ్చినన్ని తాబేళ్ళు ఇప్పుడు రావడం లేదనీ చెప్పింది.

అలా మొదలైంది. పేటలో ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిశారు. గూడు చుట్టూ సరుగుడు కర్రలు పాతి, చిరిగిన వలలు కట్టి, ముళ్ళకంపలు పరిచి, వంతులేసుకుని కాపలా కాశారు. గుడ్లు తవ్వడానికి వచ్చిన మగవాళ్ళను తిట్టి పంపారు. పొద్దుటి వంతు అమ్మది. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక నేనూ ఆమె వెంట వెళ్ళేదాన్ని, వెళ్ళిన ప్రతిసారీ తోపు వైపే చూస్తూ నిలబడేదాన్ని.

ఉగాది ఇంకా కొన్నాళ్ళుందనగా, మేం వెళ్ళేసరికి మూడు కుక్కలు కంపలు లాగేసి గూడు తవ్వుతున్నాయి. అమ్మ కర్ర తీసుకుని మీదికి పరిగెత్తింది. రెండు పారిపోయాయి. ఒక చెవి తెగిన ఎర్రకుక్క మాత్రం వెనక్కి తిరిగి అమ్మ పిక్క పట్టుకుంది. అమ్మ అరవలేదు. కర్రతో దాన్ని విదిలించుకుని, కారుతున్న రక్తంతోనే వంగి, బయటపడ్డ గుడ్ల మీద ఇసుక కప్పింది.

నాన్న అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బొడ్డు చుట్టూ రోజూ ఒక ఇంజెక్షన్. కుక్క మీద కన్నేసి ఉంచమనీ, పది రోజులు అది బాగుంటే భయం లేదనీ డాక్టరు చెప్పారట. కానీ నాన్న ఆ సాయంత్రమే పేటలో మగవాళ్ళను వెంటబెట్టుకుని కర్రలతో తోపులోకి బయల్దేరారు. పోలమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"దాన్ని సంపేత్తే అమ్మగోరికి ఏటవుద్దో మనకెలా తెలుత్తాది బాబూ? అది బతకాల. నాను సూసుకుంటాను."

చూసుకునే పని చివరికి నాకూ, నా ఈడుదే అయిన ఆమె మనవరాలు నూకాలుకీ వచ్చింది. రోజూ బడి నుంచి రాగానే చేపముక్కలు కలిపిన అన్నం ఆకులో పెట్టుకుని తోపులోకి వెళ్ళేవాళ్ళం. ఆకు దూరంగా పెట్టి, నూకాలు వీపు వెనక దాక్కుని, అది తింటోందా, నోట్లోంచి చొంగ కారుతోందా, తూలుతోందా అని చూసేదాన్ని. ఏ కుక్కంటే నాకంత భయమో, అది చల్లగా ఉండాలని దేవుడికి మొక్కుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఇంకో కాపలా. అమ్మ చెంబు ఎత్తి నీళ్ళు తాగుతుంటే తలుపు చాటు నుంచి ఆమె గొంతునే చూసేదాన్ని. గుటక పడ్డాకే అక్కణ్ణుంచి కదిలేదాన్ని.

ఒకనాడు కుక్క రాలేదు. మర్నాడూ రాలేదు. ఆకులో అన్నం చీమలు పట్టిపోయింది. ఆ మాట నాన్నతో చెప్పే ధైర్యం లేక నేను అన్నం మానేశాను. అమ్మ మాత్రం కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ మళ్ళీ గూడు దగ్గరికి వెళ్ళొస్తోంది. నాన్న కోప్పడితే, "పిల్లలు బయటికొచ్చేదాకా వెళ్తానండి" అని మాత్రం అంది.

మూడోరోజు నూకాలు రొప్పుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఒడ్డున బోర్లించిన పాత తెప్ప కింద, నీడలో, ఎర్రకుక్క పడుకుని ఉంది. మమ్మల్ని చూసి గుర్రుమంది. దాని పొట్ట దగ్గర కళ్ళు తెరవని కూనలు.

"సచ్చిపోనేదే. పిల్లల్నెట్టింది" అంది నూకాలు.

నేను ఇసుకలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. డాక్టరు చెప్పిన పది రోజులూ దాటాయి. అమ్మకు ఏమీ కాలేదు.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున్న ఇసుక కదిలింది. నల్లటి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ బయటపడ్డాయి. ఆడవాళ్ళు గూటి నుంచి నీటిదాకా రెండు వరసలుగా నిలబడి, కుక్కల్నీ కాకుల్నీ తోలుతున్నారు. కాలు కదిపితే ఎక్కడ తొక్కేస్తానోనని నేను బిగుసుకుపోయాను. అల వచ్చి వాటిని వెనక్కి విసిరేస్తోంది, అవి మళ్ళీ నడుస్తున్నాయి. అంత సముద్రంలోకి అంత చిన్న ప్రాణాలు ఎలా వెళ్తున్నాయో నాకర్థం కాలేదు. అమ్మ పెదవులు కదుపుతూ ఉంది. ఏం అనుకుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ తోపు లేదు. గూడున్న ఇసుకమేట సగం సముద్రం కోసుకుపోయింది, మిగతా సగం మీద రాళ్ళకట్ట వేశారు. అమ్మా లేదు, పోలమ్మా లేదు. పేట కుర్రాళ్ళు ఇప్పుడు కంచెలు కట్టి, గుడ్లను జాగ్రత్తగా తెచ్చి పొదిగిస్తున్నారు. వాళ్ళలో నూకాలు కొడుకూ ఒకడు. ఏటా మొదటి తాబేలు ఒడ్డెక్కగానే నూకాలు నాకు ఫోన్ చేస్తుంది. ఈ ఏడు మాఘం వెళ్ళిపోయినా చెయ్యలేదు. ఉండబట్టలేక నిన్న నేనే చేశాను.

"మా రేవుకి ఒక్కటీ ఎక్కనేదే" అంది.

"సూద్దారి. ఇంకా రోజులున్నాయి కదా" అంది మళ్ళీ తనే. ఆ గొంతులో వణుకు వయసుదో, భయానిదో నాకు తెలియలేదు.