అవ్వ చేతి నీలం పట్టీ

వాటర్ పార్కుకు తీసుకుపోతానని చెప్పి మా బిడ్డకు అప్పటికే రెండుసార్లు మాట తప్పాను. మొదటిసారి దోస్తు ప్లాటు రిజిస్ట్రేషన్‌కు సాక్షిగా రమ్మంటే అటు పోయాను. రెండోసారి ముందురోజు పెళ్లి దావత్‌లో తాగి పొద్దెక్కేదాకా పడుకున్నాను. లేచి చూసేసరికి అది బూట్లు వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవలేదు.

"ఇంకోసారి పోదాం అంటే నేను సంచి సదురుకోను డాడీ. నువ్వు కారు స్టార్ట్ చేసినంక పిలువు, అట్లనే వస్త" అంది.

అందుకే మూడోసారి గట్టిగా నిర్ణయించుకున్నాను. హైదరాబాద్ అవతల ఉన్న ఆ పార్కులోనే రిసార్టు ఉంది. ఒక రాత్రికి గది తీసుకున్నాను. వారం పొడుగునా ఇంట్లో అదే ముచ్చట. నా భార్య ఫోన్‌లో వీడియోలు చూసి, ఏ ఆట దగ్గర లైను పెద్దగా ఉంటుందో, ముందు ఎటు పోవాలో బిడ్డకు చెప్పేది. మా అమ్మను మేం అవ్వ అంటాం. ఆమె మొదట రానంది. "ముసలిదాన్ని, నీళ్లల్ల ఎగురుకుంట నవ్వులపాలు కావాల్నా?" అని, ఆ సాయంత్రమే సర్వపిండికి బియ్యప్పిండి కలిపింది.

"బయటి తిండి లోపలికి రానియ్యరు అత్తమ్మా" అంది నా భార్య.

"కొంగుల కట్టుకొని పోత. నా కొంగు ఇప్పి సూస్తరా?"

బయల్దేరే పొద్దున, సిద్దిపేటలో మా ఇంటి ముందు కారు డిక్కీలో సంచులు సర్దుతుంటే అవ్వ పుట్టిన ఊరు కోహెడ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనమామ కొడుకు.

"బావా, నాయిన పోయిండు" అన్నాడు. "తెల్లారంగ ఛాతిల నొప్పన్నడు, దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. అక్క బొంబాయి దగ్గర బివండికెల్లి బయలెల్లింది. ఆమె వచ్చేదాక ఉంచుతం, సాయంత్రమైతది. అత్తను పైలంగ తీస్కరా. ఫోన్ల చెప్పకు, నువ్వే మెల్లగ చెప్పు."

"వస్తున్నం" అన్నాను.

మామ అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. నా పుట్టువెంట్రుకలు తీసింది ఆయన ఒళ్లో. ఏటా రాఖీ పున్నానికి బస్సుల్లో ఎంత కిక్కిరిసి ఉన్నా అవ్వ కోహెడ పోయి ఆయన చేతికి కట్టేసి వచ్చేది. మా వైపు మనిషి పోతే తోడబుట్టిన ఆడబిడ్డ తెల్లబట్ట తెచ్చి కప్పాలి, నోట్లో నీళ్లు పోయాలి. ఆమె రాకుండా పాడె లేపరు.

ఇవన్నీ నాకు తెలుసు. ఫోన్ జేబులో పెట్టుకుని తల ఎత్తితే, బిడ్డ అప్పటికే వెనక సీట్లో ఉంది. నేను పిలవకముందే. సంచి కూడా సర్దుకుంది.

సాయంత్రం దాకా ఉంచుతామన్నారు కదా అనుకున్నాను. మధ్యాహ్నం దాకా పిల్ల ఆడుకుంటుంది, భోజనం కాగానే చెప్పి అటునుంచి అటే పోవచ్చు అనుకున్నాను. అదంతా బిడ్డ కోసమేనని నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి, కుర్చీలో కూర్చున్న దాని ముఖం ఇంకోసారి చూసే ధైర్యం నాకు లేదు. పోయినవాడికి తొందరేముందని కూడా అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అనుకున్నాను.

"ఎవరు ఫోన్?" అని నా భార్య అడిగింది.

"ఆఫీసు" అన్నాను.

పార్కు గేటు దగ్గర అందరి చేతులకూ నీలం రంగు పట్టీలు వేశారు. లాగితే ఊడవు, కత్తిరించాల్సిందే. అవ్వ చెయ్యి తిప్పి చూసుకుని, "గీ వయసుల నాకు రాఖీ కట్టిన్రు" అని నవ్వింది. తర్వాత లాకర్ల దగ్గర నా ఫోన్ లోపల పెట్టి, అవ్వ చేతిలోని చిన్న ఫోన్ కూడా అడిగాను. "తడుస్తదే, ఇటియ్యి." ఆమె ఇచ్చింది. దాన్ని బంద్ చేసి లాకర్లో పెట్టి తాళం వేశాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనది అదే. సమయం తప్పిపోవడం కాదు, ఆలస్యం కాదు. తెలిసి, చేత్తో చేసింది.

పార్కులో కృత్రిమంగా అలలు లేపే పెద్ద కొలను ఉంది. నా భార్య, బిడ్డ అవ్వను చెరో చెయ్యి పట్టుకుని మోకాళ్ల లోతు దాకా తీసుకుపోయారు. మొదటి అలకు అవ్వ కేక పెట్టింది. రెండో అలకు కూర్చుండిపోయింది. చీర ఉబ్బి, కొప్పు ఊడి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. మా నాయిన పోయాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. నేను గట్టు మీద నిలబడి ఉంటే చెయ్యి ఊపింది.

"ఒరేయ్, మల్లొచ్చే ఎండకాలం మా తమ్మున్ని తోలుకరావాలె! చెరువుల గంటలు గంటలు ఈత కొట్టేటోడు. వాడొస్తే గీ పోరగాళ్లందరిని పక్కకు జరుపుతడు!"

అప్పుడైనా చెప్పాల్సింది. నీళ్లలోకి రెండడుగులు వేశాను కూడా. "డాడీ వస్తుండు, డాడీ వస్తుండు" అని బిడ్డ గంతులేసింది. నేను దానితో కలిసి అలల్లో మునిగాను.

భోజనం దగ్గర చెబుదామనుకున్నాను. అవ్వ పెరుగన్నం కలుపుకుంటోంది. తమ్ముడు పోయాడని తెలిస్తే ముద్ద ముట్టదు, తిన్నాక చెబుదాం అనుకున్నాను. తిన్నాక బిడ్డ పెద్ద జారుడుబల్ల ఒక్కటి మిగిలిందంది. దాని లైను చాలా పొడుగు. బిడ్డ పైనుంచి జారి, నీళ్లు చిమ్ముతూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "థాంక్యూ డాడీ, నిజంగనే తెచ్చినవ్" అంది. ఆ మాట కోసమే అంతా చేశాను. అది విన్నాక లాకర్ల వైపు నడిచాను, అప్పటికే సాయంత్రమైంది.

లాకర్ తెరిస్తే నా ఫోన్ నిండా తప్పిన కాల్స్.

"ఏడున్నరు బావా?" అని మామ కొడుకు అరిచాడు. "అత్త ఫోన్ బంద్ వస్తుంది, నువ్వు ఎత్తవు. యాక్సిడెంటేమన్న అయిందేమోనని మేం భయపడి సస్తున్నం! అక్క వచ్చి శానాసేపాయె. మబ్బు పట్టింది. పెద్దమనుషులు ఆగుతలేరు."

"గంట ఆపురా. నీ కాళ్లు మొక్కుత."

గది తాళం ఇవ్వకుండానే బయల్దేరాం. కారెక్కాక, మామకు సీరియస్‌గా ఉందని అవ్వకు చెప్పాను.

"సీరియస్ అన్న ఇండ్లకు నేను శానా పోయిన. పోయిండని చెప్పు" అంది.

చెప్పాను. ఎప్పుడని అడిగితే, ఇప్పుడే అన్నాను. సిద్దిపేటలో బట్టల దుకాణం దగ్గర ఆపమంది. టైం లేదన్నాను. "వట్టి చేతులతోని ఎట్ల పోవాలెరా? ఆడబిడ్డను" అని డోరు మీద కొట్టింది. ఆపాను. తెల్లబట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారంతా చినుకులు.

కోహెడ చేరేసరికి మగవాళ్లు స్నానాలు చేసి తిరిగి వస్తున్నారు. మామను పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. అవ్వ ఆ ఖాళీ నేల ముందు బట్టతో నిలబడింది.

తడి పంచెతో మామ కొడుకు ఎదురొచ్చాడు. "పొద్దుగాలనే చెప్పిన గద బావా. వస్తున్నమన్నవు. ఏడ ఆగిన్రు?"

ఒక ముసలావిడ అవ్వ చేతిని చూసింది. "గా పట్టీ ఏందే? నువ్వు గిట్ల దవాఖానల ఉంటివా?"

"ఔ" అన్నాను గబుక్కున. "అవ్వకు పాణం బాగలేకుంటె..."

"తమ్ముని దీపం ముంగట అబద్ధమాడకు" అని అవ్వ నా మాట తెంపింది. తర్వాత అందరి వైపు తిరిగింది. "పార్కుకు పోయినం. వాడు నాకు పొద్దుగాలనే చెప్పిండు. పిల్లది ఏడుస్తదని నేనే పోదామన్న. ఆళ్లను ఏమనకుండ్రి."

మామ బిడ్డ, బివండి నుంచి వచ్చినామె, అవ్వ మీద వాలడానికి చేతులు చాచిందల్లా వెనక్కి తీసుకుంది. నేను అక్కడే ఉన్నాను. కాదు, నేనే దాచాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. వాకిట్లో మా బిడ్డ తన చేతి పట్టీని పళ్లతో కొరుకుతోంది.

ఆ తర్వాత వచ్చిన రాఖీ పున్నానికి, మరదలు పిలిస్తే పోయి తమ్ముని కొడుక్కు కడతానని అవ్వ ఎదురుచూసింది. పిలుపు రాలేదు. మామ కొడుకు నాతో ఇప్పటికీ మాట్లాడతాడు, పంటల సంగతి చెబుతాడు. అత్త ఎట్లుందని మాత్రం అడగడు. తెల్లబట్ట మా బీరువాలో మడత విప్పకుండా ఉంది.

నిన్న ఏడాది మాసికానికి కబురొచ్చింది, నాకొక్కడికే. ఈ పొద్దున అవ్వ ముందు నిలబడి, "నేను పోయి అందరి ముంగట నిజం చెప్పొస్తనే" అన్నాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"చెప్పి ఏం జేస్తవురా? నా తమ్ముని మొకం సూపిస్తవా?"

కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆమె ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.