వంటగది గోడకు కన్నం

అలిపిరి దారిలో మా గుడిసెలు తీసేసి ఊరి చివర కాలనీలో ఇళ్లు ఇచ్చినప్పుడు, అత్త నేరుగా వంటగదిలోకి వెళ్లి చూసింది. సిమెంటు తిన్నె, చిన్న కిటికీ, పైన స్లాబు. పొగ పోయేందుకు దారి లేదు.

"కిరసనాయిలు స్టవ్వుకని కట్టినారంట," అన్నాడు నా భర్త.

"ఆ కిరసనాయిలు ఎవురు పోస్తారంట, వాళ్ల తాతా?" అంది అత్త.

రేషన్ కార్డు మీద ఇచ్చేది దీపాలకే చాలేది కాదు. మేం వండేది రంపపు పొట్టుతో. రేకు డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసాను మెల్లగా లాగేస్తే గొట్టంలా దారి మిగులుతుంది. అడుగున ఉన్న బొక్కలోంచి అంటిస్తే రెండు కూరలూ అన్నమూ అయ్యేవి. అంటించాక మాత్రం డబ్బాను కదిలించకూడదు. ఈ సంగతులు ప్లాను గీసినవాళ్లు మమ్మల్ని అడగలేదు.

అత్తకు ఆయాసం. గోడకు కన్నం పెడదామంటే, మార్పులు చేస్తే పట్టా పోతుందని భర్త భయపడ్డాడు. పొయ్యిని వాకిట్లో పెట్టుకున్నాం.

ఒక మధ్యాహ్నం అన్నం ఉడుకుతుండగా వాన అందుకుంది. సగం ఉడికిన అన్నం పాడవుతుందని గిన్నె దించి, డబ్బాను గుడ్డలతో పట్టుకుని లోపలికి తెచ్చాను. గడప తగిలింది. లోపల పొట్టు కూలి, మంట ఆరి, పొగ ఇల్లంతా కమ్మింది. జ్వరంతో పడుకున్న అత్తను వానలోకే లాక్కొచ్చాను. ఆమె ఊపిరి ఈల వేస్తోంది.

మర్నాడు పక్కింటి గడ్డపార తెచ్చి గోడను పొడిచాను. నాలుగు దెబ్బలయ్యాక భర్త వచ్చి గడ్డపార నా చేతిలోంచి తీసుకుని, మిగతాది తనే పొడిచాడు.

కొన్నాళ్లకు తనిఖీకి ఒకాయన వచ్చాడు. "ఎవరు కొట్టారిది?"

"నేనే సారూ."

"దానికేం తెలుసు నాయనా," మంచం మీంచి అంది అత్త. "కొట్టమనింది నేను. రాసుకునేదుంటే నా పేరు రాసుకో. ఖాళీ చేయించేదానికి నువ్వు తిరగాల్సిన పన్లేదు, నేనే ఖాళీ చేసేస్తా ఉండా."

ఆయన వంటగదిలోకి వెళ్లి కన్నంలోంచి బయటికి చూసి, "పైన రేకు కొట్టించండి, వాన పడుతుంది," అని వెళ్లిపోయాడు.

ఆ వారం మా వరసంతా గోడలు కొట్టుకున్నారు. అత్త మాత్రం మళ్లీ తేరుకోలేదు. ఎండలు ముదరకముందే పోయింది. ఆ ఇంట్లో దిగిన రోజే ఆ గోడ కొట్టి ఉండాల్సింది నేను.